కాళ్ళు గీసుకున్న నెల

మగవాడు కాళ్ళు గీసుకోకూడదని మా ఊళ్ళో ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. రెండేళ్ళ కిందట, మా రెండో అమ్మాయి పుట్టిన నెలలో, ఆ అవసరం నా వల్ల వచ్చింది. దాని గురించి ఇప్పటికీ ఊళ్ళో రెండు మూడు కథలు తిరుగుతున్నాయి కాబట్టి, అసలు జరిగింది నేనే చెప్పడం మంచిది.

మొదట పెద్దమ్మాయి సంగతి చెప్పాలి. అది పుట్టినప్పుడు మా ఆవిడ పుట్టింట్లో ఉంది. ఏడో నెలలో వెళ్ళింది, పిల్లకు ఐదో నెల వచ్చాక తిరిగొచ్చింది. మా వైపు అంతే, తొలి కాన్పు పుట్టింటివాళ్ళది. అల్లుడు ఆదివారాలు వెళ్ళాలి. పెట్టింది తిని, పిల్లను పావుగంట ఎత్తుకుని, అది ఏడుపు మొదలుపెట్టగానే దగ్గర్లో ఉన్న ఆడవాళ్ళ చేతికిచ్చి బస్సెక్కాలి. నేనూ అదే చేశాను. వెళ్ళినప్పుడల్లా యాపిల్ కాయలు పట్టుకెళ్ళేవాణ్ణి. పిల్ల తినదు కాబట్టి వాటిని కోసి నాకే పెట్టేవారు.

ఐదో నెలలో ఇంటికొచ్చిన రోజు పిల్ల నన్ను చూసి జడుసుకుంది. నెలరోజులు నేను కనపడితే ఏడ్చింది. మీసం చూసి భయపడుతోందని ఎవరో అంటే మీసం తీసేశాను. మీసం లేని ముఖం చూసి ఇంకాస్త ఎక్కువ ఏడ్చింది. ఇప్పుడు చెబుతున్న నెల నాటికి దానికి ఏడేళ్ళు, రెండో తరగతి. ఏడవడం ఎప్పుడో మానేసింది గానీ, ఏం కావాలన్నా వాళ్ళమ్మనే అడిగేది. పెన్సిలు చెక్కాలన్నా, చెప్పు తెగినా, దెబ్బ తగిలినా, ఎదురుగా కూర్చున్న నన్ను దాటుకుని వంటింట్లోకి వెళ్ళేది. దాని తప్పేమీ లేదు. మొదటి ఐదు నెలలూ నేను దానికి చుట్టాన్ని, ఆ తర్వాత కూడా అలాగే మిగిలిపోయాను. నాకు కుళ్ళుగా ఉండేది. అదీ దాని కన్నతల్లి మీద.

అందుకని మా ఆవిడకు రెండోసారి నెల తప్పినప్పుడే నిశ్చయించుకున్నాను. ఈ బిడ్డ నా ఇంట్లో, నా చేతుల మీద పెరగాలి. ఐదు నెలలు కాదు గదా, ఐదు రోజులు కూడా ఎక్కడికీ పంపేది లేదు.

పంపడానికి పుట్టిల్లు కూడా పెద్దగా లేదు. మా అత్తగారు అంతకు ముందే కాలం చేశారు. మా అమ్మ నా పెళ్ళి కూడా చూడలేదు. మిగిలింది పర్చూరులో ఉన్న మా ఆవిడ పెద్దమ్మ. ఆవిడ ఐదుగురిని కని పెంచింది. వాళ్ళ వీధిలో ఇప్పుడు పొగాకు బేళ్ళు మోస్తున్న మొనగాళ్ళలో సగం మందికి చంటితనంలో నీళ్ళు పోసింది ఆవిడే. ఆపరేషన్ చేసి బిడ్డను తీసిన మర్నాడు ఆవిడ ఆసుపత్రికి వచ్చి, బిడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, నా వైపు తిరిగింది.

"అల్లుడుగారూ, తల్లీ పిల్లా మా ఇంటికొస్తారు. ఐదో నెల రాగానే దింపిపోతాం."

"వద్దండి అత్తయ్యగారూ. నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటారు?"

"అన్నీనండి."

"నీళ్ళెవరు పోస్తారు?"

"మనిషిని మాట్లాడానండి."

ఆవిడ బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టింది. "సరే. నెల చూస్తాను. నెలకి వచ్చి చూసినప్పుడు పిల్ల ఒళ్ళు చేయకపోయినా, ఒంటి మీద తేడా కనపడినా ఇద్దర్నీ కారెక్కిస్తాను. అప్పుడు మీరు నోరెత్తకూడదు."

"అట్టాగేనండి," అన్నాను. మంచం మీద మా ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. ఆమెను ఎవరమూ అడగలేదు.

నేను మాట్లాడిన మనిషి మా బజారులోనే ఉండే ముసలమ్మ. చంటిపిల్లలకు నీళ్ళు పోయడంలో ఆమెకు మంచి పేరుంది. పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో రుద్ది, చెయ్యి కాలేంత వేడినీళ్ళు పోసి, ముక్కూ తలా ఒత్తి, సాంబ్రాణి పొగ వేసి అప్పగించేది. పిల్ల ఆ తర్వాత మూడు గంటలు లేచేది కాదు. పది రోజులు వచ్చింది. పదకొండో రోజున గుమ్మంలోనే నిలబడింది.

"రేపట్నించి రాను అబ్బాయ్. కోతకి పోతన్నా."

"మామ్మా, పసిపిల్ల కదా. ఇంకొక్క నెల."

"కాయ ఎర్రగా పండిపోయి రాలతంటే నెలంటావేంది? అయినా నేను పోయేది నీ చేలోకే."

నిజమే. నా మిరపచేను కోయడానికి నా పిల్లకు నీళ్ళు పోయడం మానేస్తోంది. కాదంటే కాయలు పోతాయి, సరేనంటే పిల్లకు నీళ్ళు లేవు. కోతల కాలంలో మా ఊళ్ళో నడవగలిగిన ఆడమనిషి ఎవరూ ఇంటి దగ్గర దొరకరు. మా ఆవిడ కుట్లు ఆరలేదు, కింద కూర్చోలేదు. పర్చూరు పెద్దావిడకు ఫోన్ చేస్తే గంటలో కారు వస్తుంది.

"పోయేముందు ఎట్లా పోయాలో నాకు చెప్పు మామ్మా," అన్నాను.

ఆమె నన్ను కింద నుంచి పైకి చూసింది. నవ్వలేదు. "కాళ్ళు దగ్గర పెట్టు. సందు రానీకు. ముందు బోర్లా ఏసుకో. మెడ కింద చెయ్యి తియ్యకు. ఏడిస్తే ఏడవనియ్. నువ్వు మాత్రం ఏడవమాక," అని చెప్పి వెళ్ళిపోయింది.

నీళ్ళు అందించడానికి ఒక మనిషి కావాలి. రెండు చేతులూ పిల్ల మీదే ఉంటాయి. పెద్దమ్మాయిని నిలబెట్టాను. అది బడికి వెళ్ళే ముందు, యూనిఫారంలోనే, చెంబు పట్టుకుని నా భుజం పక్కన నిలబడేది. నేను "పొయ్యి" అంటే పోసేది, "ఆపు" అంటే ఆపేది. ఒక్క చుక్క ఎక్కువ తక్కువ పోసేది కాదు.

మొదటి రోజు పిల్లకంటే నేనే ఎక్కువ వణికాను. మిరపకోతకు ఆడవాళ్ళను తీసుకెళ్ళే ఆటో మా ఇంటి ముందు నుంచే వెళుతుంది. ఆ రోజు ఆగింది. లోపల పదిమంది దాకా ఉన్నారు. నేను పీట మీద, లుంగీ పైకి మడిచి, కాళ్ళు బారజాపుకుని ఉన్నాను.

"ఏందయ్యో, ఇంట్లో ఆడోళ్ళు లేరా?" అని ఒకామె అడిగింది.

"ఉందమ్మా. ఆపరేషన్ అయింది."

"మరట్టా దువ్వుతావేంది పిల్లని? గట్టిగా రుద్దు. అదేం అరిగిపోదు."

డ్రైవరు హారన్ కొట్టాడు గానీ కదల్లేదు. వాడు కూడా చూస్తున్నాడు. ఆ రోజు నుంచి ఆ ఆటో మా ఇంటి ముందు రోజూ ఒక నిమిషం ఆగేది. ఆ నిమిషంలో నాకు సలహాలు వచ్చేవి. కొన్ని పనికొచ్చాయి. చెవుల్లో నీళ్ళు పోకుండా అరచెయ్యి ఎలా అడ్డం పెట్టాలో ఆటోలోంచి నేర్చుకున్నదే.

నాలుగో రోజున పిల్ల పొట్ట మీద సన్నగా ఎర్రటి గీతలు కనపడ్డాయి. ఒంటి మీద తేడా కనపడితే కారెక్కిస్తానన్న మాట చెవిలో ఉంది. ఏం కుట్టిందోనని పక్కబట్టలన్నీ దులిపాను. పెద్దమ్మాయి చెంబు కింద పెట్టి నా కాళ్ళ వైపు చూపించింది.

"నీ కాళ్ళే నాన్నా. చెల్లికి గుచ్చుకుంటున్నాయి."

నా మోకాళ్ళ కింద ఎలుగుబంటికి ఉన్నంత జుట్టు ఉంటుంది. బోర్లా పడుకోబెట్టి రుద్దితే, మూడు వారాలైనా నిండని బిడ్డ చర్మం మరి. ఆ మధ్యాహ్నమే దొడ్లో కూర్చుని, మోకాళ్ళ దగ్గర నుంచి మడమల దాకా రెండు కాళ్ళూ నున్నగా గీసేశాను. రెండు బ్లేళ్ళు పట్టాయి. మూడో రోజుకు మళ్ళీ మొలిచి, ముందుకంటే ఎక్కువ గుచ్చుకున్నాయి. అప్పటి నుంచి రోజు విడిచి రోజు గీశాను. గడ్డం వారానికోసారి కూడా గీసుకోని మనిషిని.

టీ కొట్టు దగ్గర మొదట ఎవరూ అడగలేదు. చూశారు, తలలు తిప్పుకున్నారు. చివరికి చిన్నప్పటి నుంచి నాతో తిరిగినవాడొకడు అడిగాడు.

"ఏరా, కాళ్ళకేమైందిరా?"

"గీశాను."

"ఎందుకురా?"

"పిల్లకు గుచ్చుకుంటున్నాయిరా."

వాడు టీ అంతా తాగేదాకా ఆలోచించాడు. "గుడ్డ కప్పుకోవచ్చు గదరా కాళ్ళ మీద?"

ఆ ఆలోచన నాకు రాలేదు. రాలేదని చెప్పలేక, "గుడ్డ జారుతుందిరా" అన్నాను. మర్నాడు కప్పుకుని చూస్తే నిజంగానే జారింది. నాకు చాలా సంతోషమేసింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని కొట్టుగలాయన అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను అనుకున్నాను. మా ఆవిడ ఇదంతా విని మంచం మీద పొట్ట పట్టుకుంది. "నవ్వించకండి, కుట్లు లాగుతున్నాయి," అంది. ఆ నెలలో ఆమె నవ్వింది అదొక్కసారే. నేను దాన్ని కూడా నా ఖాతాలోనే వేసుకున్నాను.

నెల చివరి వారానికి చేతులు కుదిరాయి. పిల్ల నా కాళ్ళ మీదకు రాగానే ఏడుపు ఆపేది. వీపు మీద వేడినీళ్ళు పడుతుంటే నోరు తెరిచి, కళ్ళు సగం మూసి, కల్లు తాగినవాడిలా తృప్తిగా ఉండేది. ఒకరోజు సాంబ్రాణి దాకా రాకుండానే, నా కాళ్ళ మీదే నిద్రపోయింది. దాని చెయ్యి నా బొటనవేలు పట్టుకుని ఉంది. అప్పుడు నాకు చేలో కాయ ఏమవుతుందో, ఆకాశంలో మబ్బు ఉందో లేదో ఏదీ పట్టలేదు. బతుకులో నేను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే అనిపించింది. పక్కన పెద్దమ్మాయి చెంబు పట్టుకుని నిలబడి ఉంది. "ఇంక పొయ్యనా?" అని అడిగింది. "వద్దు, నువ్వు బడికి పో," అన్నాను.

నెల నిండడానికి ఇంకా మూడు రోజులుందనగా మబ్బేసింది. కళ్ళంలో కాయ ఆరబోసి ఉంది. తెల్లారకుండానే పరిగెత్తి, కాయ కుప్ప చేసి పట్టాలు కప్పాను. వాన రాలేదు. ఎండ రావడంతో మళ్ళీ పట్టాలు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని కాయ నెరిపి, పిల్ల వేళకు ఇంటికొచ్చాను. మిరపకాయ ముట్టుకున్న చేత్తో పసిపిల్లను ముట్టకూడదని మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. కొబ్బరినూనె రాసి తుడిచాను, సబ్బుతో కడిగాను, మజ్జిగలో ముంచాను, మళ్ళీ సబ్బు. చివర్న పది వేళ్ళూ ఒక్కొక్కటే నాలుకకు ఆనించి చూసుకున్నాను. మంట లేదు. చేతుల పరీక్ష పాసయ్యాను.

కాళ్ళ పరీక్ష పెట్టుకోలేదు. మోకాళ్ళ కింద కాస్త మండుతూనే ఉంది. ముందు రోజు కొత్త బ్లేడుతో గీశాను కాబట్టి దానివల్లేమో అనుకున్నాను.

పిల్లను బోర్లా వేసుకుని, "పొయ్యి" అన్నాను. వేడినీళ్ళు పడగానే పిల్ల ఒక్కసారి కెవ్వుమంది. అది మామూలు ఏడుపు కాదు. ఊపిరి తీసుకోకుండా ఏడ్చింది, ముఖం నల్లబడింది. వెల్లకిలా తిప్పితే పొట్టంతా ఎర్రగా కంది ఉంది. ఆటో ఆగి ఉంది. నీళ్ళు పోసే ముసలమ్మ అందులోంచి దూకినంత పని చేసి దిగొచ్చి, నా కాలి మీద వేలు పెట్టి, నాలుకకు ఆనించుకుంది.

"కారంలో పడుకోబెట్టావు గదయ్యా పిల్లని," అంది.

మా ఆవిడ గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. పిల్లను నా చేతుల్లోంచి తీసుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ముసలమ్మ కొబ్బరినూనె తెప్పించి ఒళ్ళంతా తుడిచింది. నేను పిల్లను తీసుకుని టౌనులో పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. దారిలో ఏడ్చాను. ముసలమ్మ ఏడవొద్దని ముందే చెప్పింది గానీ ఆగలేదు. డాక్టరు పిల్లను చూసి, సాయంత్రానికి తగ్గిపోతుందని, పూత మందు రాశాడు. తర్వాత నన్ను అడిగాడు.

"ఏం రకం వేశారు?"

"తేజ అండి."

"మరి మండదా," అన్నాడు.

సాయంత్రానికి ఎరుపు పోయింది. మూడో రోజుకు ఆనవాలు కూడా లేదు. నెల నిండిన ఆ రోజే పెద్దావిడ కారులో దిగి, చేతులు కడుక్కుని, పిల్లను ఒళ్ళో వేసుకుని గుడ్డ విప్పింది. మెడ కింద మడతలు చూసింది, చంకలు చూసింది, మాడు తడిమింది. పిల్ల బరువు బాగా పెరిగింది. ఆవిడ పెదవి విరవడానికి ఏమీ దొరకలేదు. నేను నిలబడి, నిగ్రహంగా, గెలిచినవాడిలా కనపడకుండా జాగ్రత్తపడుతున్నాను.

అప్పుడు పెద్దమ్మాయి బడి నుంచి వచ్చింది. సంచీ దించి, అందరినీ చూసి, మంచినీళ్ళు తాగి చెప్పింది.

"అమ్మమ్మా, నాన్న చెల్లికి కారం పూశాడు."

జరిగినదంతా చెప్పాను. దాచడానికి ఇక ఏమీ లేదు. పెద్దావిడ నా కాళ్ళ వైపు చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను.

"మా ఇంట్లో ఐదుగురు పుట్టారు," అంది. "మా ఆయన ఒక్కళ్ళ ముడ్డి కూడా కడగలేదు. కారం అంటితే అంటింది, పోయింది. పిల్ల బాగుంది అల్లుడుగారూ. నేను తీసుకుపోనులెండి."

ఆవిడ మా ఆవిడ వైపు తిరిగింది. "నువ్వేమంటావే?"

మా ఆవిడ గోడ వైపు చూస్తూ అంది. "నాకు నిద్ర కావాలి పెద్దమ్మా."

అంతే అంది. నేను రోజుకు గంటసేపు పిల్లకు నీళ్ళు పోశాను. మిగతా ఇరవైమూడు గంటలూ పిల్ల ఎవరి దగ్గర ఉందో, ఎవరు పాలిచ్చారో, ఎవరు కూర్చుని కునికారో నేను చూడలేదు. వంట చేశాను, గుడ్డలు ఉతికాను, కాళ్ళు గీసుకున్నాను. నీకేం కావాలని ఆమెను ఒక్కసారి అడగలేదు. అడిగితే పర్చూరు వెళ్తానంటుందేమోనని లోపల భయం ఉండేది. అది ఒప్పుకోవడానికి ఇప్పుడు కూడా సిగ్గుగానే ఉంది.

"వెళ్ళు," అన్నాను. "బట్టలు నేను సర్దుతాను."

మర్నాడు పొద్దున్నే తల్లీ పిల్లా కారెక్కారు. పెద్దమ్మాయికి బడి ఉంది, ముందు పరీక్షలున్నాయి. అది నా దగ్గర ఉండిపోయింది. ఇల్లంతా సాంబ్రాణి వాసన మిగిలింది. మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. జడలు నా వల్ల కావని దానికి తెలుసు, తనే ఒక్క రబ్బరు బ్యాండు వేసుకుంది. నేను పెట్టిన క్యారేజీ చూసి, "పెరుగన్నమా," అంది. "ఊఁ," అన్నాను. పర్చూరుకు ఫోన్ చేస్తే, పిల్ల హాయిగా పడుకుందని, పెద్దావిడ నీళ్ళు పోస్తే కిక్కురుమనలేదని చెప్పారు. నేను లేకపోయినా ఏమీ లోటు లేదన్నమాట. బాగుందని చెప్పి పెట్టేశాను. ఆ పూట అన్నం సహించలేదు.

నాలుగో రోజు కళ్ళంలో కాయలు గ్రేడు చేయిస్తుంటే ఫోన్ మోగింది. బడి నుంచి టీచరుగారు.

"పాపకు రెండు వాంతులయ్యాయండి. కంగారేం లేదు, ఎండకనుకుంటా. మా రిజిస్టర్లో అమ్మగారి నంబరే ఉంది. దానికి చేయబోతే పాప వద్దంది. మీ నంబరు తనే చెప్పింది."

చేతులూ కాళ్ళూ కడుక్కోవడానికి పట్టినంతసేపే ఆగి బండి తీశాను. అది ఆఫీసు రూములో బెంచీ మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని, పెద్దమనిషిలా కూర్చుని ఉంది. ముఖం వాడిపోయింది. నన్ను చూసి లేచి నిలబడింది, టీచరుగారికి వెళ్ళొస్తానని చెప్పింది. బండి మీద ముందు కూర్చోబెట్టుకున్నాను. బడి ఉన్న ఊరి పొలిమేర దాటాక అడిగాను.

"నా నంబరు నీకెవరు నేర్పారే?"

"ఎవరూ నేర్పలా. నాకు ఒకటో క్లాసు నించే వచ్చు."

"మరి ఎప్పుడూ చేయించలేదే?"

"నువ్వు చేలో ఉంటావు గదా. వస్తావో రావోనని."

"ఇవాళ వస్తానని ఎట్లా అనుకున్నావు?"

అది తల నా ఛాతీకి ఆనించి, ముందుకు చూస్తూ చెప్పింది.

"చెల్లికి రోజూ వచ్చావు గదా."

నేను బండి పక్కకు తీసి ఆపాను. రోడ్డుకు రెండు వైపులా పత్తి మోళ్ళు తప్ప ఏమీ లేవు. తన కోసమే ఆపాననుకుంది పిల్ల.

"నాకిప్పుడు వాంతి రావట్లేదు నాన్నా," అంది. "పోనియ్."